కుర్చీ ఆల్బం తగాదా

కళ్ళజోళ్ళ దుకాణం ఆయనకి ఏ పాట విన్నా ఏడుపే వినిపిస్తుందని ఆయన స్నేహితులు తీర్మానించుకుని చాలా ఏళ్ళయింది. ట్రంపెట్ మోగితే శోకం, శాక్సఫోన్ మోగితే వెక్కిళ్ళు, డ్రమ్ములు మోగితే గుండెలు బాదుకోవడం. జాజ్‌లో సరదా కూడా ఉంటుంది కదండీ అని ఎవరైనా అంటే, ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఆ మాట అన్న మనిషి వంక పాపం పసివాణ్ణి చూసినట్టు చూసేవాడు. దుకాణానికి వచ్చేవాళ్ళు ఆయన్ని అద్దాలాయన అంటారు. మనమూ అలాగే అందాం.

ఆ వీధిలో జాజ్ పిచ్చి పట్టినవాళ్ళు అద్దాలాయనతో కలిపి ముగ్గురు. రెండో మనిషి ఎదురు వరసలో ఉన్న పళ్ళ డాక్టరు. మూడో మనిషి మూల మీద బేకరీ నడిపే ఆవిడ. వయసులో మగవాళ్ళిద్దరి కంటే చిన్నదే అయినా, రొట్టెల కోసం వచ్చే పిల్లల పిలుపే ఆవిడకి స్థిరపడిపోయి, తల నెరిసినవాళ్ళు కూడా బేకరీ అక్కయ్య అనే అంటారు.

వాళ్ళ పద్ధతి ఇది. నెలకొకరు తమ దగ్గరున్న రికార్డుల్లోంచి ఒక ఆల్బం తీసి చలామణిలోకి వదులుతారు. అది ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్తుంది. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి ప్లేయరు మీద వాళ్ళు, తలుపు వేసుకుని వింటారు. అందరూ విన్నాక ఒక ఆదివారం మధ్యాహ్నం, బేకరీ మూసి ఉండే వేళ, వెనక గదిలో పిండి బస్తాల మధ్య కూర్చుని దాని గురించి మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటారు అన్నది మర్యాద కోసం వాడిన మాట. దెబ్బలాడుకుంటారు. అక్కడ పాట పెట్టడం మాత్రం లేదు. గాల్లో పిండి తేలే చోట రికార్డు బయటికి తీస్తే ఊరుకునేది లేదని అక్కయ్య మొదటి రోజే చెప్పేసింది.

డాక్టరు క్లినిక్‌లోనూ పాటలుండవు. ఒకప్పుడు పెట్టి చూశాడు. ట్రంపెట్ గట్టిగా ఎత్తుకునేసరికి అది లోపల డ్రిల్లు చప్పుడనుకుని, బయట కూర్చున్న పేషెంట్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఇక అద్దాలాయన ఇంటికి వెళ్తే అక్కడ అసలే వినబడదు. మనుషులు మాట్లాడుతుండగా పాట పెట్టడం సంగీతాన్ని అవమానించడమేనని ఆయన సిద్ధాంతం. మెట్ల మీద చెప్పుల చప్పుడు కాగానే సూది ఎత్తేసేవాడు. పోనీ ఫోన్లో వినొచ్చు కదా అంటే, తాళం కన్నంలోంచి సముద్రం చూడమంటారా అనేవాడు.

తగాదాలన్నిటిలోకీ పెద్ద తగాదా కుర్చీ ఆల్బం మీద. దానికి అసలు పేరు ఏదో ఉంది. కానీ అట్ట మీద ఒక ఖాళీ కుర్చీ, దాని వీపుకి తగిలించిన టోపీ ఉండడంతో వీళ్ళకి అది కుర్చీ ఆల్బమే. అద్దాలాయన దగ్గర ఒకటి, డాక్టరు దగ్గర ఒకటి ఉన్నాయి. మొదటి పాటలో పియానో ఒక చిన్న ముక్క వాయిస్తే, ట్రంపెట్ దాన్ని అందుకుని జవాబు చెబుతుంది. ఆ జవాబు ఎలాంటిదన్నదే గొడవ. ట్రంపెట్‌వాడు పియానోవాణ్ణి వెక్కిరిస్తున్నాడని డాక్టరు వాదన. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసి, పైగా వాడికే తప్పులు చూపించే పిల్లాడిలా ఉన్నాడట. అద్దాలాయనకి అందులో ఒక మనిషి మూసిన తలుపు ముందు నిలబడి, కొట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నట్టు వినబడేది. లోపల్నుంచి ఎవరో ఏదో అడుగుతున్నారు. ఇతను గొంతు పెగలక సగం సగం జవాబు చెబుతున్నాడు.

"వెక్కిరింతకీ వేదనకీ తేడా తెలియనివాడివి, పళ్ళు ఎలా పీకుతున్నావయ్యా?" అనేవాడు అద్దాలాయన.

"రోజంతా ఏడ్చేవాళ్ళ మధ్యే ఉంటాను. ఏడుపంటే ఏంటో నాకు చెప్పకు," అనేవాడు డాక్టరు. ఆయనా తక్కువ తినలేదు.

గొడుగు ఆల్బంతో ఇంకో చిక్కు. దాని అట్ట మీద పాడిన మనిషి బొమ్మ లేదు. ఒక గొడుగు, ఒక పొడి అక్షరం, ఇంటి పేరు, అంతే. ఆ గొంతు గురించి మాట్లాడినప్పుడల్లా అద్దాలాయన "అతను" అనేవాడు, మిగతా ఇద్దరూ "ఆవిడ" అనేవాళ్ళు. మొదట్లో సరిదిద్దబోయారు. ఒక మగవాడికి అంత లేత గొంతు ఉండడంలోనే అసలు విషాదమంతా ఉందని ఆయన వాళ్ళకే పాఠం చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఏం పెట్టుకుంటామని వాళ్ళు వదిలేశారు.

దుకాణం కింద, ఇల్లు పైన. పైన ముందు గదిలో కిటికీ పక్కన రికార్డు ప్లేయరు, దానికి ఎదురుగా ఆయన భార్య కుట్టుమిషను ఉండేవి. ఆవిడ పిల్లల గౌన్లు, స్కూలు యూనిఫారాలు కుట్టేది. ఆయన రికార్డు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, ఆవిడ మిషను తొక్కుతూ ఉండేది. మెట్ల మీద చెప్పుల చప్పుడునే భరించలేని మనిషి, ఆ మిషను చప్పుడు గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. అది పాటకి అడ్డం వస్తోందని ఆయనకి తోచనే లేదు. అలాగే ఆ పాట ఎలా ఉందే అని ఆవిణ్ణి అడగాలనీ తోచలేదు. ఆవిడా చెప్పలేదు.

ఆ ప్లేయరు పాతది, బాగా బరువైనది. వేరే దేశంలో ఉద్యోగం చేసి వచ్చిన కస్టమరొకాయన ఇల్లు మారుతూ, ఇంత బరువు మోయలేనని అద్దాలాయనకి అమ్మేశాడు. అప్పటికి అమ్మాయి ఇంకా పుట్టలేదు. ఆనాటి నుంచీ ఆయన విన్న ప్రతి రికార్డూ దాని మీద విన్నదే.

అమ్మాయికి ఆ మధ్యే పెళ్ళయింది. అల్లుడు లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజనీరు. నోట్లో నాలుక లేని మనిషి. మామగారి చేత శెభాష్ అనిపించుకోవాలని మాత్రం మనసులో చాలా ఉండేది. మామగారికీ అల్లుడంటే ఎంత గురి అంటే, ఇంటికొచ్చిన మనిషిని కూర్చోబెట్టి పాట వినిపించడం ఆయన జీవితంలో అతనొక్కడి విషయంలోనే జరిగింది. కుర్చీ ఆల్బం పెట్టి, ట్రంపెట్ రాగానే చెయ్యెత్తి, "ఆ తలుపు వినబడుతోందా అల్లుడుగారూ?" అని మెల్లగా అడిగేవాడు. అల్లుడికి తలుపులంటే లిఫ్టు తలుపులే తెలుసు. అయినా బుద్ధిగా తలూపేవాడు.

తలూపుతూ ఉండగా అతని చూపు రికార్డు నడుమ తిరుగుతున్న చీటీ మీదికి పోయేది. తిరిగే వస్తువు ఏది కనబడినా, అది తిరగాల్సిన వేగంతో తిరుగుతోందా లేదా అని చూడడం ఉద్యోగం వల్ల అతనికి పట్టుకున్న జబ్బు. ఈ చీటీ మరీ బద్ధకంగా తిరుగుతోంది. చేతి గడియారం వంక దొంగచూపులు చూసుకుంటూ లెక్క సరిచూసుకున్నాడు. అనుమానం లేదు.

కొన్నాళ్ళకి అత్తమామలు దగ్గరి బంధువుల పెళ్ళికి వేరే ఊరు వెళ్ళారు. ఇల్లు కనిపెట్టుకుని ఉండడానికి అమ్మాయీ అల్లుడూ వచ్చారు. అల్లుడికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. ప్లేయరు పళ్ళెం ఎత్తి చూశాడు. అనుకున్నట్టే అది వేరే దేశపు కరెంటు కోసం తయారైన మిషను. మోటారు కొసన గుండీ అంత ఇత్తడి చక్రం ఉంది. దాని మీద నుంచి ఒక రబ్బరు పట్టీ వెళ్ళి పళ్ళేన్ని తిప్పుతుంది. ఇక్కడి కరెంటుతో ఆ మోటారు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి, ఆ చక్రం ఇంకాస్త పెద్దదై ఉండాలి. ఆ సంగతి అమ్మినాయనకీ తెలియదు, కొన్నాయనకీ తెలియదు. అల్లుడు తమ వర్క్‌షాపులో సరైన కొలతకి కొత్త చక్రం చేయించి తెచ్చి బిగించాడు. పట్టీ మార్చాడు. మూలమూలలా దుమ్ము తుడిచాడు.

నాన్నకి ముందే ఒక మాట చెప్పేయమంది అమ్మాయి. అతను ఒప్పుకోలేదు.

"మామయ్యగారి చెవి సామాన్యమైందా? పెట్టీ పెట్టగానే కనిపెట్టేస్తారు. అప్పుడు చెబుదాం," అన్నాడు మురిసిపోతూ.

పెళ్ళి నుంచి తిరిగొచ్చాక అద్దాలాయన స్నానం చేసి, కిటికీ పక్కన కూర్చుని, అలవాటుగా కుర్చీ ఆల్బం పెట్టాడు. పియానో అడిగింది. ట్రంపెట్ జవాబిచ్చింది. ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. తలుపు ముందు ఎవరూ లేరు. అక్కడ నిలబడాల్సిన మనిషి ఈల వేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోతున్నాడు.

సూది ఎత్తి, రికార్డు తీసి అటూ ఇటూ చూశాడు. తనదే. ఇంకోటి పెట్టాడు. వెక్కిళ్ళు పెట్టే శాక్సఫోన్ గుక్క తిప్పుకోకుండా ఊళ్ళో కబుర్లన్నీ చెబుతోంది. మరొకటి పెట్టాడు. అందులో లావు తీగల బేస్ వాయించేది ముసలాయనని ఇన్నాళ్ళూ ఊహించుకున్నాడు. ఆ ముసలాయన కాస్తా ఉద్యోగం వచ్చిన కుర్రాడిలా గెంతుతున్నాడు. గొడుగు ఆల్బం చేతిలోకి తీసుకుని, ధైర్యం చాలక మళ్ళీ లోపల పెట్టేశాడు.

ప్లేయరు మీద అనుమానం రాలేదా అంటే, రాలేదు. అన్నేళ్ళు కిక్కురుమనకుండా పని చేసిన వస్తువు మీద ఎవరికీ అనుమానం రాదు. శుభ్రంగా కనబడితే అమ్మాయి తుడిచిందనుకున్నాడు. వయసు మీద పడిన మనిషి ముందుగా అనుమానించేది తన ఒంటినే. చెవుల్లోనో బుర్రలోనో ఏదో తేడా చేసిందని ఆయన నిర్ణయించుకున్నాడు. భార్య కంగారు పడుతుందని చెప్పలేదు.

భార్య కంగారు భార్యకుంది. ఆవిడ ఒక గౌను అంచు కుడుతోంది. రికార్డు మోగడం మొదలుపెట్టగానే కుట్టు పక్కకి పోయి గుడ్డ ముడతలు పడింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ పోయింది. కాలు తన మాట వినకుండా పరిగెడుతోంది. ప్రయాణంలో పట్టేసిందేమోనని మోకాలికి నూనె రాసుకుంది. ఆయన కంగారు పడతాడని చెప్పలేదు. ఒకే గదిలో, ఒకే జబ్బుతో, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దిగులు పడ్డారు.

అల్లుడు ఫోను చేసి, పాటలు వింటున్నారా మామయ్యగారూ అని ఆశగా అడిగాడు. ఆ, వింటున్నానండీ అన్నాడాయన, జ్వరం వచ్చినవాడిలా. ఆ గొంతు వినగానే అల్లుడికి ఏదో బెడిసికొట్టిందని అర్థమైంది. ఏం బెడిసికొట్టిందో అర్థం కాలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

అద్దాలాయన చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఏమిటి బాధ అని ఆవిడ అడిగితే, ఎలా చెప్పాలో తెలియక, అందరూ తొందరపడుతున్నారండీ అన్నాడు. ఎవరండీ అంది ఆవిడ. ట్రంపెట్‌వాళ్ళు అన్నాడు. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, ఎందుకైనా మంచిదని రెండు చెవుల్లోనూ దీపం వేసి చూసింది. గులిమి తీసింది. చిన్న గదిలో కూర్చోబెట్టి కీచు చప్పుళ్ళన్నీ వినిపించింది. ఈ వయసులో ఇంత మంచి చెవులు తను చూడలేదని చెప్పి పంపించేసింది. గులిమి పోవడంతో ఆ వాయించేవాళ్ళ తొందర ఇంకా స్పష్టంగా వినబడసాగింది.

ఆదివారం వచ్చింది. ఆ నెల చలామణిలో ఉన్నది అక్కయ్య వదిలిన శాక్సఫోన్ ఆల్బం. ఎప్పటిలాగే ముందు అద్దాలాయన్ని చెప్పమన్నారు. ఏడుపు కార్యక్రమం ముందే కానిచ్చేస్తే తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చని వాళ్ళ ఆలోచన.

బాగుంది, హుషారుగా ఉంది అన్నాడు అద్దాలాయన.

అక్కయ్య చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. డాక్టరు ఇది ఏదో కొత్త ఎత్తు అనుకున్నాడు. ఏమయ్యా, కుర్చీ ఆల్బంలోలాగా ఇందులో తలుపులూ కిటికీలూ ఏమీ కనబడలేదా అని కదిపి చూశాడు.

"తలుపు లేదయ్యా," అన్నాడు అద్దాలాయన, నేల వంక చూస్తూ. "కుర్చీ ఆల్బంలో కూడా లేదు. నువ్వన్నదే నిజం. వాడు వెక్కిరిస్తున్నాడు."

అన్నేళ్ళుగా డాక్టరు వినాలని తపించిన మాట అది. ఎప్పటికైనా ఆ మాట వినబడిన రోజున ఏం అనాలో కూడా ఆయన లోలోపల సిద్ధం చేసి పెట్టుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు. ఆదివారం కచేరీ అంత తొందరగా ముగియడం అదే మొదటిసారి. ఆ పూట డాక్టరుకి తిండి సయించలేదు. మర్నాడు క్లినిక్‌లో నొప్పి పన్ను వదిలేసి పక్క పన్నుకి మత్తు సూది వేయబోతే, నోరు తెరుచుకుని ఉన్న పేషెంటే వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. ఇలా లాభం లేదని, సాయంత్రం బేకరీకి వెళ్ళి అక్కయ్యతో గోడు చెప్పుకున్నాడు.

"వాడు నాతో ఒప్పుకున్నాడు. అంటే లోపల ఏదో తెగిపోయిందన్నమాటే. మనం వెళ్ళి చూడాలి," అన్నాడు.

అక్కయ్య వేడి రొట్టెలు సంచిలో వేసుకుని, కౌంటరు పనివాళ్ళకి అప్పగించి, ఆయన వెంట బయలుదేరింది. ఇద్దరూ కావాలనే చెప్పులు టకటకలాడిస్తూ మెట్లెక్కారు. పైన సూది ఎత్తిన చప్పుడు రాలేదు. గదిలోకి వెళ్ళి చూస్తే ప్లేయరు మీద దుప్పటి కప్పి ఉంది. అమ్మాయీ అల్లుడూ కూడా అక్కడే ఉన్నారు. నాన్న పాటలు పెట్టడం మానేశారని తల్లి ఫోను చేస్తే వచ్చారు.

డాక్టరు కుర్చీ దగ్గరగా లాక్కుని, నాడి చూసేవాడిలా ముందుకు వంగి, ఏమైందో చెప్పమన్నాడు. ఇక దాచి ప్రయోజనం లేదనుకుని అద్దాలాయన అంతా చెప్పేశాడు. ఏ రికార్డు పెట్టినా పరుగేనని, చెవుల్లో లోపం లేదన్నారు కాబట్టి లోపం ఇంకా పైన ఉండి ఉంటుందని, తల మీద వేలితో కొట్టి చూపించాడు.

కుట్టుమిషను దగ్గర కూర్చున్న భార్య కత్తెర కింద పెట్టింది. "మీక్కూడానా?" అంది. "నా కాలు అలాగే పరిగెడుతోందండీ. మోకాలనుకుని నూనె సీసా ఖాళీ చేశాను."

అల్లుడు కుడితిలో పడ్డ ఎలుకలా అటూ ఇటూ చూశాడు. అమ్మాయి మోచేత్తో ఒక పోటు పొడిచింది.

"మామయ్యగారూ," అన్నాడు అతను చివరికి. "అదంతా నా వల్లే."

మొదలుపెట్టాక మాత్రం ఆపకుండా చెప్పాడు. మోటారు, కరెంటు, ఇత్తడి చక్రం, అన్నీ. ఈ ప్లేయరు మొదటి నుంచీ నెమ్మదిగానే తిరుగుతోందని, పళ్ళెం నెమ్మదిగా తిరిగితే పాట సాగిపోవడమే కాకుండా స్వరం కూడా కిందికి దిగిపోయి లావుగా వినబడుతుందని, ఇప్పుడు వినబడుతున్నదే వాళ్ళు స్టూడియోలో వాయించిన అసలు వేగమని చెప్పాడు. మీరు సంతోషిస్తారనుకున్నానండీ అని ముగించి తల దించుకున్నాడు.

అద్దాలాయన చాలాసేపు ప్లేయరు మీది దుప్పటి వంకే చూశాడు. ఆయన మనసులో ఒక్కొక్క రికార్డే తిరిగి పోతున్నట్టుంది. ఒక చోట అది టక్కున ఆగింది.

"అయితే, ఆ గొడుగు ఆల్బంలో పాడింది..."

"ఆవిడే," అన్నారు డాక్టరూ అక్కయ్యా ఒక్క గొంతుతో.

అక్కయ్య నవ్వు ఆపుకోలేక రొట్టెల సంచిలో మొహం దాచుకుంది. అమ్మాయి వంటింట్లోకి పారిపోయింది. అద్దాలాయనకి మాత్రం నవ్వు రాలేదు. అల్లుణ్ణి నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకుందామంటే, గారు తగిలించి పిలిచే మనిషిని ఎక్కణ్ణుంచి తిట్టడం మొదలుపెట్టాలో తెలియలేదు. మింగలేక కక్కలేక లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తన దుకాణంలో రోజూ జరిగేదే ఇది. మొదటిసారి సరైన అద్దాలు పెట్టుకున్న మనిషి, నేల ఒంకరగా ఉంది, నా పాత చూపే నయం అంటూ తిరిగొస్తాడు. నాలుగు రోజులు ఓర్చుకోండి, అసలు లోకం ఇలాగే ఉంటుంది అని తను నవ్వుతూ పంపించేస్తాడు. ఆ పాత చూపులో వాళ్ళకి ఏమేం కనబడేవో ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు.

"ఇన్నేళ్ళూ నేను ఏడ్చింది ఒక మోటారుని చూసి," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"మోటారు ఏడవదు కదండీ," అంది భార్య. "మీకు ఏడుపొచ్చింది, మీరు ఏడ్చారు. మధ్యలో దాన్నెందుకు అంటారు?"

తర్వాత అల్లుడి వైపు తిరిగి, ఆ పాత చక్రం పారేశారా బాబూ అని అడిగింది. పనికిరాకపోయినా సరే, ఇత్తడి ముక్క పారేసే రకం కాదు అతను. వెంట తెచ్చిన పనిముట్ల పెట్టెలోనే ఉందన్నాడు.

"అయితే అది బిగించేయండి. ఆ గౌను నేను రేపు ఇచ్చెయ్యాలి," అంది ఆవిడ.

అల్లుడు దుప్పటి తీసి, పళ్ళెం ఎత్తి, చక్రం మార్చాడు. అద్దాలాయన కుర్చీ ఆల్బం తీసి పెట్టాడు. గదిలో ఇంతమంది ఉండగా ఆయన సూది దించడం అదే మొదలు. డాక్టరు ముక్కాలిపీట మీద చేతులు కట్టుకుని, అలవాటైన నవ్వు మొహంతో కూర్చున్నాడు.

పియానో అడిగింది. ఆ అడగడంలోనే, జవాబు రాకపోయినా పరవాలేదులే అన్నట్టు ఒక జాలి ఉంది. ట్రంపెట్ వెంటనే అందుకోలేదు. ఊపిరి తీసుకుంది. ఊపిరి తీసుకోవడం వినబడింది. తర్వాత ఒక్కొక్క స్వరమే, చీకట్లో గోడ తడుముకుంటూ నడిచే మనిషి చెయ్యిలాగా ముందుకొచ్చింది. ఎక్కడో ఆగింది. మళ్ళీ కదిలింది. డాక్టరు కట్టుకున్న చేతులు విప్పేశాడు. మధ్యలో ఒకసారి ఆయన మెట్ల వైపు తలుపు వంక తిరిగి చూశాడు, అవతల నిజంగా ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు. రెండో పాటకి కుట్టుమిషను కూడా కదిలింది. అది ఎప్పుడు మొదలైందో అక్కడున్నవాళ్ళెవరూ గమనించలేదు.

రికార్డు ఆ వైపు పూర్తయ్యాక డాక్టరు పీట ముందుకి జరుపుకున్నాడు.

"ఇదా నువ్వు వింటున్నది? ఈ ముక్క నాకు చెప్పొచ్చు కదయ్యా."

"ఇన్నేళ్ళ నుంచీ నీకు చెబుతున్నది ఇదేగా," అన్నాడు అద్దాలాయన.

డాక్టరు మళ్ళీ మొదటి నుంచి పెట్టమన్నాడు. అక్కయ్య రొట్టెలు కోసి పంచింది. అల్లుడు మాత్రం తన ముక్కని చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు. మామగారు స్వయంగా రెండో ముక్క తెచ్చి చేతిలో పెట్టాక గానీ అతను తేరుకోలేదు.

ఆ తర్వాత ప్లేయరు పక్కన చిన్న గిన్నెలో, వాడకంలో లేని చక్రం ఎప్పుడూ ఉండేది. మార్చడం అద్దాలాయనే నేర్చుకున్నాడు. కళ్ళజోడు మరలు బిగించే చేతులకి అదేం పెద్ద పని కాదు. మొదట్లో పెద్ద చక్రం జోలికి పోనని భీష్మించుకున్నాడు. తర్వాత ఒక మధ్యాహ్నం, భార్య బజారుకి వెళ్ళినప్పుడు, తలుపు గడియ పెట్టి, పెద్ద చక్రం బిగించి గొడుగు ఆల్బం పెట్టాడు. ఆవిడ పాడింది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మగవాడనుకున్నానమ్మా, ఏమనుకోకండి అని చెప్పుకోవాలనిపించేంత మర్యాదగా, కులాసాగా పాడింది. భార్య వచ్చి తలుపు కొట్టినా ఆయన తీయడానికి ఆలస్యం చేశాడు. డాక్టరు ఆ వారమే అల్లుడికి ఫోను చేసి, తన ప్లేయరుకి కూడా ఒక నెమ్మది చక్రం చేసి పెట్టగలరా అని అడిగాడు. అక్కయ్య మాత్రం, తెల్లారకముందు లేచి పిండి కలిపేదాన్ని, నాకు నెమ్మది పాటలు పెడితే ఆ పిండిలోనే తల పెట్టుకుని నిద్రపోతాను, నాకొద్దు బాబూ అంది.

వచ్చిన ఆదివారం అల్లుణ్ణి కూడా కూటమిలో చేర్చుకుందామని అక్కయ్య కబురు పెట్టింది. అద్దాలాయన, అల్లుడు మెట్లు దిగబోతుంటే భార్య మిషను మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని వచ్చింది. ఎక్కడికి అన్నాడాయన. మీరెక్కడికో నేనూ అక్కడికే అంది. అక్కయ్య సంతోషంగా ఇంకో స్టూలు దులిపి వేసింది.

పోయిన ఆదివారం సగంలో ఆగిన శాక్సఫోన్ ఆల్బమే మళ్ళీ చర్చకి వచ్చింది. డాక్టరు ఆ శాక్సఫోన్ వాయించినాయన గొప్పతనం గురించి చెప్పుకుపోతున్నాడు. అద్దాలాయన భార్య కాసేపు విని, ఆయనదేముంది అన్నయ్యగారూ, తన పాటికి తను మాట్లాడుకుపోతున్నాడు, మిగతావాళ్ళు ఏమంటున్నారో వినడే అంది. అందులో అందరి మాటా వింటున్నది ఆ డ్రమ్ములాయన ఒక్కడేనంది. ఎవరికి ఎక్కడ ఊపిరాడటం లేదో చూసుకుని అక్కడ తగ్గుతాడంది. డాక్టరు ఎదురు చెప్పబోయాడు. ఆవిడ ఇంకో రెండు పాటల్లోంచి చోట్లు చూపించింది. ఆయన పట్టు వదల్లేదు, ఆవిడా వదల్లేదు. అల్లుడు అత్తగారి పక్షం తీసుకుని ఒక మాట కూడా అన్నాడు. అద్దాలాయన భార్య వంక అలా చూస్తూ ఉండిపోయాడు. పాట గురించి ఆవిణ్ణి తను ఎన్నేళ్ళు అడగలేదో లెక్క వేసుకుంటే సిగ్గేసింది.

ఇంటికి నడుస్తూ అడిగాడు. తన రికార్డులన్నిటిలోకీ ఆవిడకి ఏది బాగా ఇష్టమని. కుర్చీ ఆల్బమనే చెబుతుందని నమ్మకంగా ఉన్నాడు.

"ఎర్రట్టది. మంచం కింద పెట్టారే, అది," అంది ఆవిడ.

ఆయన నడివీధిలో ఆగిపోయాడు. అది పాతిక మంది కలిసి బూరలూదే బ్యాండు. ఎవరో పుట్టినరోజుకి ఇచ్చారు. ఒక్కసారి విని, చెవుల్లో జోరీగలు దూరినట్టుందని కట్టగట్టి మంచం కింద తోసేశాడు.

"అదా? అది ఒట్టి సంత కదే."

"సంతే. సంతలో ఉన్నంతమందీ కనబడతారు అందులో. ఆ చివర్న ఒకడు లేడూ, అందరూ ఆపేశాక ఇంకా వాయించేస్తూ, ఆ తర్వాత తెలుసుకుని ఆగుతాడు. వాడంటే నాకు చచ్చేంత ఇష్టం."

అలాంటివాడు అందులో లేనే లేడన్నాడు ఆయన. ఉన్నాడంది ఆవిడ. వెనక సైకిలువాడు గంట కొట్టి కొట్టి, లాభం లేక పక్కనుంచి తిప్పుకుని పోయాడు. మీలా ఒక్కసారి విని వదిలేస్తే వాడు దొరుకుతాడా అని ఆవిడ అడిగింది. ఒక్కసారి విన్నా చాలు, లేనివాడు లేడని తెలియడానికి అన్నాడు ఆయన. అల్లుడు రెండడుగులు వెనకే నడుస్తూ, ఎవరి వైపు తల ఊపాలో తేల్చుకోలేకపోయాడు. దుకాణం ముందుకొచ్చి మెట్లెక్కేటప్పటికి ఆ ఎర్రట్ట గురించి ఆవిడ చెప్పాల్సింది ఇంకా సగానికి పైగా మిగిలే ఉంది.